జేబు కుట్టేంతసేపు

మా టైలరు బాబాయి పోయాడని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పక్కవాళ్ల సెల్లు అడిగి తీసుకున్నట్టుంది, వెనకాల చేపల బజారు గోల వినిపిస్తోంది.

"మీ బాబాయి ఎల్లిపోయాడ్రా. మద్దేనం మిషను మీద అలగ తల ఆన్సేడంట. పిన్ని టీ అట్టుకొచ్చి లేపితే లేవలేదంట. నువ్వు బేగి రా" అంది.

అప్పుడు నేను విశాఖలో మా కంపెనీ గేటు దగ్గర ఉన్నాను. డ్యూటీ దిగి, కాళ్లీడ్చుకుంటూ బయటికొచ్చాను. ఆ మాట విన్నాక ఏడుపు రాలేదు. చెయ్యి మాత్రం దానంతటదే మెడ వెనక్కి వెళ్లి చొక్కా కాలరు తడిమింది. అది ఆయన తిప్పి కుట్టిన కాలరు. అరిగిపోయిన వైపు లోపలికి, కొత్త వైపు పైకి.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. నర్సీపట్నంలో బస్టాండుకీ కూరగాయల బజారుకీ మధ్య సందులో ఆయన కొట్టు. ఒక గది, ఒక గుమ్మం, ఒక కాలిమిషను. టేపు ఎప్పుడూ మెడలోనే, అన్నం తినేటప్పుడు కూడా. "తీస్తే ఎక్కడెట్టేనో మర్సిపోతాను, మెడ మర్సిపోలేను కదా" అనేవాడు. గుండుసూది పెదవి చివర పెట్టుకునే మాట్లాడేవాడు. ఎంత నవ్వినా అది జారేది కాదు. కొట్టు పక్కనుంచి మెట్లు. మెట్లెక్కితే పైన మా స్పోకెన్ ఇంగ్లీషు సెంటరు.

మాది నక్కపల్లి అవతల సముద్రపొడ్డు ఊరు. నాన్న పోయాక అమ్మ నన్ను తీసుకుని నర్సీపట్నం వచ్చేసింది. తెల్లారి ఆటోల్లో దిగే చేపలు తీసుకుని, తట్టలో పెట్టుకుని, ఆ తట్ట నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మేది. నా డిగ్రీ అయ్యేసరికి ఆమెకి మెడ పట్టేసింది. పక్కనుంచి పిలిస్తే తల తిప్పలేక మొత్తం మనిషే తిరిగేది. ఆ తట్ట దింపాలి. అప్పట్లో నాకున్న పని అదొక్కటే.

విశాఖలో ఒక కంపెనీ ఫోన్లలో మాట్లాడే ఉద్యోగాలకి మనుషుల్ని తీసుకుంటోంది. రాత పరీక్ష గట్టెక్కాను. మిగిలింది ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష. తప్పితే ఆరు నెలల తర్వాత ఇంకొక్క అవకాశం ఇస్తారు. అది కూడా తప్పితే ఇక రానక్కర్లేదు.

నా గురించి ఒక మాట ముందే చెప్పాలి. అప్పటికి నేను కరపత్రాలు చదివి చదివి మండిపోతున్న మనిషిని. ఎవరైనా సభ పెడితే వెళ్లి మిగిలిపోయిన కరపత్రాల కట్ట చంకలో పెట్టుకొచ్చేవాణ్ణి. శ్రమ అన్న మాట వింటే పిడికిలి బిగుసుకునేది. ఇంగ్లీషు నేర్చుకోవడం నాకు తల వంచుకోవడంలాగే ఉండేది. అయినా తట్ట దింపాలి కనక పైకెక్కి నేర్చుకునేవాణ్ణి, దిగి వస్తూ ఆ కోపం బాబాయి కొట్లో కక్కేవాణ్ణి.

కరపత్రాలు ఆయనకీ ఇచ్చేవాణ్ణి. ఒకసారి వెళ్లేసరికి నేనిచ్చిన వాటి వెనకవైపు ఎవరివో నడుము కొలతలు, చేతి పొడవులు రాసి మేకుకి గుచ్చి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది.

"ఇదేటి బాబాయ్! ఇవి సదవమని ఇచ్చేను, కొలతలు రాసుకోమని కాదు."

"సదివేన్రా. బాగానే రాసేరు. అయితే ఒకేపే అచ్చేసి రెండోయేపు ఒగ్గీసేరు మీవోళ్లు. ఈ కాలీ ఎవులికి? నాకే కదా?"

 ఆయన కాగితం చదవడం, కాగితం వాడుకోవడం వేరువేరు పనులు అనుకోలేదు. అంతే.

మా ఇంగ్లీషు మాస్టారు ఒక నియమం పెట్టారు. పైన నేర్చుకున్నది కిందికి దిగేలోపు మరిచిపోతారు కాబట్టి, రోజూ ఎవరో ఒకరి ముఖం చూస్తూ రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడి వెళ్లాలి. కింద దొరికే ముఖం బాబాయిదే. ఆయనకి ఇంగ్లీషు రాదు. కానీ పైన మేము నలభైమంది గొంతులు చించుకుని వల్లించే ప్రశ్నలు పైకప్పులోంచి ఏళ్లతరబడి ఆయన మీద రాలుతూనే ఉన్నాయి. అన్నీ వచ్చు. వాటిలో ఆయనకి బాగా ఇష్టమైంది బట్టల ప్రశ్న. అది పరీక్షలో తరచూ అడిగేదే. రోజూ ఎలాంటి బట్టలు వేసుకోవడం ఇష్టం, ఎందుకు?

"వాట్ క్లోత్స్ యూ లైక్ ఎవ్రీడే?" అనేవాడు, మిషను తొక్కుతూ, ఆ తొక్కుడుకి సరిపడే రాగంలో.

రెండు నిమిషాలు కొలవడానికి ఆయన దగ్గర గడియారం లేదు, జేబు ఉంది. చొక్కా జేబు ఒకటి మడిచి, సూది కింద పెట్టి, "ఊ" అనేవాడు. ఒక పక్క కుట్టు, మూల, అడుగు కుట్టు, మూల, రెండో పక్క. దారం కొరికితే టైము అయినట్టు. నీళ్లు నమిలితే మిషను ఆపి కళ్లద్దాల మీంచి చూసేవాడు. నాతవరం నుంచి వచ్చే ఒకమ్మాయి ఎప్పుడూ రెండో మూల దగ్గర ఆగిపోయేది. "అమ్మా, నీ దయవల్ల ఈ పెద్దమడిసికి జేబు సగమే ఉండిపోతాది, సిల్లర జారిపోతాది" అనేవాడు. ఆ పిల్ల నవ్వేసి మళ్లీ అందుకునేది. మాకు భయం పోయింది ఆయన ముందే. అది ఏ పుస్తకం చెయ్యని పని.

మొదటిసారి పరీక్షకి వెళ్లాను. ఏసీ గదిలో ఒక మేడం కూర్చున్నారు. మర్యాదగానే పలకరించి, బట్టల ప్రశ్నే అడిగారు.

నాకెక్కడో తెగింది. ఈ దేశంలో రెండు జతలు లేనివాళ్లు కోట్లమంది ఉండగా ఏది ఇష్టం అని అడగడమే తప్పు అని మొదలెట్టాను. బట్ట నేసేవాడికి బట్ట లేదు అన్నాను. వ్యాకరణం ఎక్కడ పోయిందో తెలీదు, గొంతు మాత్రం పెరిగింది. ఆవిడ ఓపిగ్గా విన్నారు. ఆఖర్న, "మీరు చెప్పింది బాగుంది. కానీ నేను మీ బట్టల గురించి అడిగాను" అన్నారు.

ఫెయిల్.

ఊరికి తిరిగొచ్చి గెలిచినవాడిలా బాబాయికి చెప్పాను. "కడిగేసేను బాబాయ్. ఆ ప్రశ్నే తప్పు. రెండు జతలున్నోడిని నీకేది ఇష్టమని అడుగుతారా?"

ఆయన బటన్ కుడుతున్నాడు. తలెత్తలేదు.

"రెండు జతలున్నోడికి ఇష్టం ఉండదేట్రా? వందున్నోడికి ఏది ఏసుకున్నా ఒకటే. రెండున్నోడికే బాగా తెలుస్తాది ఏది ఇష్టమో."

అప్పుడు ఆ మాట నా చెవికెక్కలేదు. ముసలాడు అమాయకుడు అనుకున్నాను. ఇన్నాళ్లయ్యాక, నేను చదివిన కట్టల్లో ఏ కాగితమైనా నన్ను అంత సూటిగా అడిగిందా అని వెతుక్కుంటున్నాను. దొరకలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్తే అమ్మ పీట మీద కూర్చుని మెడకి వేడి ఇసకమూట కాపు పెట్టుకుంటోంది. పరీక్ష ఏమైందని అడగలేదు. నా ముఖం చూసి, "పోన్లే, అన్నం తిను" అంది. నా గెలుపు అక్కడితో అయిపోయింది.

రెండోసారికి నేను తెలివి మీరాను. సెంటర్లో ఒక జిరాక్స్ కాగితం తిరిగేది, అన్ని ప్రశ్నలకీ తయారు జవాబులు. బట్టల ప్రశ్నకీ ఉంది. నాకు జీన్సూ టీషర్టులూ ఇష్టం, నా దగ్గర చాలా చొక్కాలున్నాయి, ఆదివారాలు మా అమ్మగారు నాతో షాపింగుకి వచ్చి రంగులు ఎంచి పెడతారు, ఆవిడ గృహిణి. నలభైమందీ అదే వల్లించేవాళ్లం. పాడేరు నుంచి వచ్చిన కొండ కుర్రాడిదీ అదే జవాబు, మైదానం వాడిదీ అదే.

బాబాయి జేబు మడిచి "ఊ" అన్నాడు. నేను గుక్కతిప్పుకోకుండా మొదలెట్టాను. మొదటి మూల కూడా తిరక్కముందే మిషను ఆగింది.

"ఆగు. మెనీ సర్ట్స్ అన్నావు. మెనీ అంటే బోల్డు కదా?"

"ఆఁ."

"మరి మొన్న నేను కాలరు తిప్పింది ఎవుడి సొక్కాకి?"

"బాబాయ్, అది పరీక్షకి సెప్పేది. నిజం కాదు."

"అలగా. మదర్ అన్నావు, షాపింగ్ అన్నావు. మీ అమ్మ షాపింగేటి?"

"అలగ సెప్పాలి. లేకపోతే ఏటి సెప్పమంటావు? మా అమ్మ సేపలమ్ముతాదనా?"

అనేశాను. నా నోట్లోంచే వచ్చింది. శ్రమజీవులని గోడల మీద రాసినవాణ్ణి, వీధిలో కనపడ్డవాడికల్లా కరపత్రం చేతిలో పెట్టినవాణ్ణి. ఒక మేడం ముందు మా అమ్మని ఇంట్లో కూర్చోబెట్టి గృహిణిని చేసేశాను. బాబాయి కోప్పడతాడనుకున్నాను. గుండుసూది పెదవి మీంచి తీసి దిండుకి గుచ్చాడు. అది ఆయన చాలా అరుదుగా చేసే పని.

"మీ అమ్మ నా కొట్లోకి ఎప్పుడైనా వచ్చిందేట్రా?"

"రోజూ వత్తాది కదా, ఈ సందులోంచే."

"సందులోకి వత్తాది. కొట్లోకి వచ్చిందా అంతన్నాను."

ఆలోచించాను. రాలేదు. నా చొక్కా గుడ్డ ఇవ్వడానికొచ్చినా, జాకెట్టు కుట్టించుకోవడానికొచ్చినా, అమ్మ గుమ్మం అవతలే నిలబడుతుంది. గుడ్డని పేపర్లో చుట్టి, చెయ్యి బారచాపి ఇస్తుంది.

"సేపల సీరతో లోపలికొస్తే జనాల గుడ్డలకి వాసనంటుకుంటాది అంతాది. పరవాలేదు రా వొదినా అంటే వినదు. పదేళ్లయింది. ఆ మడిసి జాకెట్టు నేను టేపుతో కొలవలేదు, కంటితో కొలిసి కుడతన్నాను. నీ సొక్కా ఎప్పుడుతుకుతాదో తెలుసా నీకు?"

తెలీదు.

"తెల్లారగట్ల, బజారెల్లక ముందు. సేప ముట్టుకున్నాక నీ గుడ్డ ముట్టదు. నీ సొక్కాకో బకెట్టు, ఆ సీరకో బకెట్టు. నీ దండెం ఇంట్లో, దాని దండెం పెరట్లో. నువ్వు కాలేజీ కెల్తే నీ పక్కన కూకున్నోడు ముక్కు మూసుకోకూడదు. అదీ మీ అమ్మ సేసే షాపింగు."

 నా వెనక వరసలో ఉన్న నాతవరం పిల్ల తన కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంది.

బాబాయి గుండుసూది మళ్లీ పెదవికి పెట్టుకున్నాడు. పాత జేబు పక్కన పెట్టి కొత్తది మడిచాడు. "ఇంగ్లీసులో నాకేటీ తెల్దు. గుడ్డ సంగతి తెలుసు. తెచ్చిపెట్టుకున్న గుడ్డ భుజం దగ్గర లాగుతాది, ఎవుడికైనా తెలిసిపోతాది. ఊఁ, వాట్ క్లోత్స్ యూ లైక్ ఎవ్రీడే?"

ఆ జేబు పూర్తికాలేదు. ఆ వారంలో ఏ జేబూ పూర్తికాలేదు. నిజం చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. జీన్సుకి ఉన్నాయి, దండేనికి లేవు. కాలరు తిప్పడం అన్నది ఇంగ్లీషులో ఎలా చెప్పాలో మా మాస్టారికీ వెంటనే తట్టలేదు. ఆయన పైనుంచి దిగొచ్చి, బాబాయి చేతిలో కాలరు ఎలా విప్పుతాడో చూసి, అప్పుడు నాకు వాక్యం కట్టిచ్చారు. ఆరు నెలలు అలా మాట మాటా కూడబెట్టుకున్నాను. విసుగొచ్చేది. రెండు నిమిషాల నిజానికి ఇంత పనుంటుందని ఎవరూ ఏ కాగితంలోనూ రాయలేదు.

రెండో పరీక్ష. ఆవిడే. నన్ను గుర్తుపట్టి ఒకసారి కుర్చీలో సర్దుకున్నారు. ప్రశ్న అదే.

నాకు రెండు చొక్కాలున్నాయని చెప్పాను. రెంటిలో లేత నీలంది ఇష్టం, దాని కాలరు మా టైలరు తిప్పి కుట్టాడు, అరిగిన వైపు నాకు మాత్రమే తెలుస్తుంది అని చెప్పాను. మా అమ్మ చేపలమ్ముతుంది. ఆ చీర అంటకుండా, పొద్దున్నే వేరే బకెట్లో నా చొక్కా ఉతుకుతుంది. అందుకే అది ఇష్టం. మాట్లాడుతున్నంతసేపూ నా చెవిలో మిషను తిరుగుతూనే ఉంది. ఒక పక్క, మూల, అడుగు, మూల, రెండో పక్క.

ఆవిడ పెన్ను ఆపారు. "మీ అమ్మగారి ఆ చీర ఏ రంగు?" అన్నారు. బహుశా మాట పెంచడానికే అడిగారు, అది వాళ్ల పద్ధతి.

నాకు తెలీదు. ఎరుపనో ఆకుపచ్చనో అనేస్తే సరిపోయేది. ఆవిడ వచ్చి చూడరు. "ఐ డోంట్ నో, మేడం. ఐ నెవర్ సా" అన్నాను.

పాసయ్యాను. ఏ మార్కుతోనో గట్టున పడ్డాను.

నర్సీపట్నంలో బస్సు దిగి ముందు ఇంటికి పరిగెత్తాను. పెరటి దండెం మీద చీర ఆరుతోంది. చూశాను. రంగు లేదు. ఉప్పూ ఎండా తినేసి బూడిదలా తయారైంది. అక్కణ్ణించి కొట్టుకి వచ్చి అడిగాను, "బాబాయ్, అమ్మ సేపల సీర ఏ రంగు? అక్కడ అడిగేరు."

"నేరేడుపండు రంగు" అన్నాడు, ఎప్పుడు అడుగుతానా అని ఎదురుచూస్తున్నట్టు. "మీ ఊరి పండక్కి కొన్నాది. ఫాలు నేనే ఏసేను. పాతబడినాక సేపలకి ఇచ్చేసింది. అలగే సెప్పేవా అక్కడ?"

"తెల్దని సెప్పేను."

"మంచిదే. తెలీందాన్ని తెలీదనీసేవు. ఇప్పుడు తెలిసింది కదా."

ఉద్యోగంలో చేరాను. పెద్ద మార్పేమీ కాలేదు, ఆ సంగతి చెప్పడానికి నాకు సిగ్గులేదు. తట్ట నెత్తి మీంచి దిగింది. బజారు వరసలో ఒక చోటు దొరికి అమ్మ ఇప్పుడు కూర్చుని అమ్ముతోంది. పూర్తిగా మానెయ్యమంటే "కాళ్లూ సేతులూ ఆడినన్నాళ్లూ నా జోలికి రాకు" అంటుంది. నేను ఎవరెవరి విసుగునో ఫోన్లో విని, ఎవరెవరికో క్షమించమని చెప్పి, శని ఆదివారాల్లో ఊరొచ్చి బాబాయి కొట్లో బల్ల మీద కూలబడేవాణ్ణి. కరపత్రాలు ఇంకా తెచ్చేవాణ్ణి. కోపం పోలేదు, అలిసిపోయిందంతే. ఆయన అది కనిపెట్టి, "ఈ పాలి కాయితం పల్సగుంది, పెన్సిలు దిగిపోతంది. మీవోళ్లకి సెప్పు" అని ఉడికించేవాడు. అలా అయినా నేను మళ్లీ కేకలేస్తానేమోనని.

ఆయన పోయిన నాలుగో రోజున పిన్ని కొట్టు తెరిచింది. కుట్టని గుడ్డలు ఎవరివి వాళ్లకి ఇచ్చెయ్యాలి కదా. పేర్లు చదివి పెట్టమని నన్ను పిలిచింది. మేకు మీంచి కాగితాల గుత్తి తీశాను. ఒకవైపు అచ్చు అక్షరాల్లో నా కరపత్రాల పిలుపులు, రెండోవైపు వంకర పెన్సిలు అంకెలు. ఊరంతా ఉంది అందులో, ఎవరి భుజం ఎంత వాలిందో, ఎవరి నడుము ఏడాదిలో ఎంత తగ్గిందో. నాతవరం పిల్ల పెళ్లి జాకెట్టుది కూడా ఉంది. ఒక కాగితం మీద 'వొదిన, కంటి కొలత' అని రాసుంది. కింద ఏళ్లతరబడి వేసుకున్న అంకెలు, ఒకటి కొట్టేసి ఇంకొకటి. మెడ దగ్గర మాత్రం మాటల్లో రాసుకున్నాడు: వెనక వదులుగా, తట్ట మోస్తాది. దాన్ని కొట్టేసి, పక్కన: ఇప్పుడు మోయట్లేదు, మామూలుగా.

నేను ఆ కాగితం మడవలేక, మేకుకి మళ్లీ గుచ్చలేక పట్టుకుని కూర్చున్నాను.

అమ్మ బజారు నుంచి నేరుగా వచ్చింది. ఎప్పట్లాగే గుమ్మం అవతల ఆగింది.

"లోపలికి రా అక్కా" అంది పిన్ని.

"ఒద్దమ్మా. సేపల సీర."

పిన్ని ఖాళీ అయిపోతున్న అలమార చూపించింది. "ఇంకేటంటుకుంటాది? గుడ్డలేటున్నాయి?"

అమ్మ ఆ ఖాళీ అరలు చూసింది. తర్వాత కుచ్చెళ్లు కాస్త పైకి పట్టుకుని గుమ్మం దాటింది. మిషను దగ్గరికొచ్చి, తాకబోయి, చేతులు రెండూ కొంగుకి తుడుచుకుని, అప్పుడు దాని మీద చెయ్యేసింది. సూది కింద ఒక జేబు ఉంది. రెండు మూలలు తిరిగింది, రెండో పక్క మిగిలిపోయింది.

అమ్మ వంగి దాన్ని చూస్తోంది. ఆమె చీర అడుగున ఒక మూల ఫాలు కుట్టూడి వేలాడుతోంది. దాని వెనక, ఇన్నేళ్లూ ఎండ తగలని జానెడు గుడ్డ, నేరేడుపండు రంగులోనే ఉంది.